కొవ్వు మోసే ప్రోటీన్ తీసేస్తే ఎలుక చిక్కిపోవాలి కదా, మరి లావెలా ఎక్కింది?

సీతాఫలం_22
వచ్చే గురువారం జర్నల్ క్లబ్‌లో (రీసెర్చ్ పేపర్లు చదివి అందరికీ వివరించే మీటింగు) నా వంతు. మా మేడమ్ "చిన్న టాపిక్కేలే" అంటూ అంటగట్టారు: చిట్టెలుకల పేగులో కొవ్వు ఆమ్లాల్ని పట్టుకుని మోసే ప్రోటీన్లు. చదివిన కొద్దీ తల తిరుగుతోంది.

చిన్నపేగు కణాల్లో ఇలాంటివి రెండున్నాయి. ఒకటి ఎఫ్ఏబీపీ1 (ఎఫ్ఏబీపీ అంటే కొవ్వు ఆమ్లం పట్టుకునే ప్రోటీన్). లివర్లో కూడా ఉంటుంది కాబట్టి దాన్ని లివర్ రకం అంటారు. రెండోది ఎఫ్ఏబీపీ2, అచ్చంగా పేగు రకం. సరే. మోసేవాడు లేకపోతే సరుకు కదలదు కాబట్టి ఆ జీన్ తీసేసిన ఎలుకకి కొవ్వు ఒంటబట్టక చిక్కిపోవాలి. నా బుర్రకి తోచింది ఇంతే.

2000లో కెనడా వాళ్ళు ఎఫ్ఏబీపీ2 తీసేశారు. కొవ్వు శుభ్రంగా ఒంటబట్టింది. పైగా మగ ఎలుకలు మామూలు వాటికంటే బరువెక్కాయి. 2013లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు అదే జీన్ లేని ఎలుకలకి కొవ్వు మేత పెడితే అవి సన్నగానే ఉండిపోయాయి. ఎఫ్ఏబీపీ1 కథ ఇంకా ఘోరం. అది లేకపోతే ఊబకాయం రాదని 2006లో సెయింట్ లూయీ వాళ్ళు, అది లేకపోతేనే ఊబకాయం అని 2013 పేపరు.

ఎవర్ని నమ్మాలి? స్లైడ్ మీద ఏం రాయాలి?

ఉప్పుచేప
ఊరు మారితే ఆటో మీటర్ మారినట్టు ల్యాబ్ మారితే ఎలుక మారుతుంది. ఇదే రాసి కూర్చో.

రిటైర్డ్_మాస్టారు
అమ్మాయ్, చిక్కు పేపర్లలో కంటే ముందు నీ ప్రశ్నలోనే ఉంది. "మోసేవాడు" అన్న మాట పట్టుకుని వేలాడుతున్నావు.

మేతలో నూనె ఉంది. క్లోమరసంలోని లైపేజ్ అనే ఎంజైమ్ ఒక్కో ట్రైగ్లిజరైడ్‌ని, అంటే నూనె అణువుని, కోసి రెండు కొవ్వు ఆమ్లాలు, ఒక మోనోగ్లిజరైడ్ చేస్తుంది. పైత్యరసం వాటిని మిసెల్స్ అనే సన్నటి ఉండలుగా చుట్టి పేగు గోడ దాకా తెస్తుంది. అక్కడ కణం పొర దాటి లోపలికి వెళ్తాయి. లోపల మళ్ళీ ట్రైగ్లిజరైడ్‌గా అతుక్కుని, అపోబీ48 అనే ప్రోటీన్ మీదికెక్కి, కైలోమైక్రాన్ అనే కొవ్వు మూటగా తయారై లాక్టియల్స్‌లోకి (పేగు గోడలోని సన్న శోషరస నాళాలు), అక్కణ్ణుంచి శోషరస నాళాల గుండా రక్తంలోకి పోతాయి. ఇదంతా ఇంటర్లోనే చదివుంటావు.

ఇంటర్లో చెప్పనిది మధ్యలో ఉంది. కణం లోపలంతా నీళ్ళు. పొడవాటి కొవ్వు ఆమ్లం నీళ్ళలో కరగదు. పైగా అది సబ్బు జాతిది, ఒంటరిగా తిరగనిస్తే కణంలోని పొరల్నే పాడుచేస్తుంది. మరి పొర దగ్గర్నుంచి, ట్రైగ్లిజరైడ్‌గా అతుక్కునే చోటైన ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దాకా ఎలా పోతుంది? 1972లో రాబర్ట్ ఆక్నర్ బృందం సైటోసాల్లో (కణం లోపలి నీటి భాగం) కొవ్వు ఆమ్లాన్ని పట్టుకునే చిన్న ప్రోటీన్ ఉందని చూపించింది, పేగులోనూ లివర్లోనూ గుండె కండరంలోనూ. ఆ రోజు మొదలైన వరసే నీ ఎఫ్ఏబీపీలు. 14, 15 కిలోడాల్టన్ల బుల్లి ప్రోటీన్లు. పది బీటా పోగులు అల్లిన బుట్ట, పైన రెండు హెలిక్సుల, అంటే ప్రోటీన్ సుళ్ళ, మూత.

బుట్ట అన్నాను కదా అని మళ్ళీ హమాలీని ఊహించుకోకు. ఆ ప్రోటీన్ కణంలో దండిగా ఉంటుంది. అది మోస్తుందా, దాచిపెడుతుందా, ఎవరి చేతికివ్వాలో తేలుస్తుందా అన్నదే యాభై ఏళ్ళ తగువు.

కరీంనగర్_కాకా
మాస్టారు మంచిగ చెప్పిండు. కానీ రెండెందుకు? ఒక్క పనికి ఇద్దరు గుమాస్తాలు సర్కారు ఆఫీసుల ఉంటరు గానీ పేగుల ఎందుకుంటరు?

న్యూజెర్సీ_నాగు
కాకా, అసలు పాయింట్ అదే. నేను ప్రోటీన్ కెమిస్ట్రీ వాణ్ణి, ఎలుకల జోలికి పోలేదు, కానీ ఈ రెండూ బాగా తెలుసు. మడత ఒకటే, తీరు వేరు.

పేగు రకం ఒక్క కొవ్వు ఆమ్లాన్నే పట్టుకుంటుంది. దాని తల లోపల ఆర్జినిన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని, 106వ స్థానంలో ఉన్నదాన్ని, అంటిపెట్టుకుని ఉంటుంది. లివర్ రకం రెండింటిని పట్టుకుంటుంది, రెండోదాని తల గుమ్మం దగ్గర బయటికి తొంగి చూస్తుంటుంది. అది కొవ్వు ఆమ్లాలతో ఆగదు. మోనోగ్లిజరైడ్లు, లైసోఫాస్ఫోలిపిడ్లు, పైత్య లవణాలు, హీమ్, ఏది దొరికితే దానికి చోటిస్తుంది. మా ఊరి సత్రం లాంటిది.

చేతులు మారే పద్ధతిలో తేడా ఇంకా ముఖ్యం. రట్గర్స్‌లో జూడిత్ స్టార్క్ ల్యాబ్ వాళ్ళు మెరిసే కొవ్వు ఆమ్లాలు వాడి కొలిచారు. పేగు రకం వెళ్ళి పొరకి ఒరుసుకుని, చేతిలో చెయ్యి పెట్టి అప్పగిస్తుంది. స్లాబు వేసేటప్పుడు తట్టలు అందిస్తారే, ఆ రకం. లివర్ రకం అలా కాదు. వదిలేస్తుంది, అది నీళ్ళలో ఈదుకుంటూ ఎవరికి అందితే వాళ్ళకి. 1998లో పేగు రకం మూత మీది హెలిక్సులు తీసేసి చూస్తే ఆ ఒరుసుకునే గుణం పోయింది. అంటే మూతే చెయ్యి.

కాబట్టి ఇద్దరు గుమాస్తాలు కాదు కాకా. ఒకడు గుమాస్తా, ఒకడు గోడౌన్.

నెయ్యిముద్ద
ఇదంతా చదివాక ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకోవాలంటే భయమేస్తోంది. మా మూత సరిగా ఉందో లేదో ఎవరికి తెలుసు?

గుంటూరు_గడుసుపిల్ల
@నెయ్యిముద్ద మీ మూత సంగతి మీ హ్యాండిల్ చూస్తేనే తెలుస్తోందండి.

బోనులో_బాబు
ఎలుకల జోలికి పోయినవాణ్ణి నేనున్నాను. ఆరేళ్ళు యానిమల్ హౌస్‌లో, అందులో నాలుగేళ్ళు గొంతులోకి గొట్టం పెట్టి నూనె పోయడమే పని. ఎలుకకి 200 మైక్రోలీటర్లు. ఎక్కువ పోస్తే కక్కదు, ఎలుకకి కక్కడం రాదు. ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. మొదటి నెలలో నా చేతిలో పోయినవి తల్చుకుంటే ఇప్పటికీ బాధ.

సీతా, "ఒంటబట్టింది" అన్నది ఎలా తేల్చారో పేపర్లో మెథడ్స్ చూడు. మూడు రకాలుంటాయి.

ఒకటి, పెంట ఏరి అందులో కొవ్వు కొలవడం. వినడానికి తేలికే. కానీ ఎలుకలు తమ పెంట తామే తింటాయి. అడుగున జాలీ వెయ్యకపోయినా, వేసినా అవి తెలివిమీరినా, లెక్క తప్పుతుంది. అందుకే మేతలోనే అరగని బెహెనిక్ ఆమ్లం చక్కెరకి కట్టి కలుపుతారు. పెంటలో దానికీ మిగతా కొవ్వుకీ నిష్పత్తి చూస్తే చాలు, పెంటంతా ఏరక్కర్లేదు. ఆ పద్ధతి 2004లో వచ్చింది, కనిపెట్టిన వాళ్ళకి దండం పెట్టాలి.

రెండు, రేడియోధార్మిక ఒలీయిక్ ఆమ్లం నూనెలో కలిపి తాగించి, రక్తంలో ఎంతొచ్చిందో గంట గంటకీ చూడటం. రక్తంలోకి వచ్చింది వచ్చినట్టే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ తినేస్తుంది కాబట్టి ముందే టైలోక్సపాల్ అనే రసాయనం ఇచ్చి దాన్ని ఆపుతారు.

మూడు, శోషరస నాళంలో సన్న గొట్టం పెట్టి కైలోమైక్రాన్లు పట్టడం. ఎలుకకి అది చెయ్యగలిగిన చేతులు తక్కువ.

మొదటి పద్ధతి మొత్తం ఎంత చేరిందో చెబుతుంది. రెండోది, మూడోది ఎంత వేగంగా చేరిందో చెబుతాయి. జనం రెండూ కలిపేస్తారు. మామూలు ఎలుక తిన్న కొవ్వులో 95 శాతం పైనే లోపలికి లాగేస్తుంది. పేగు పై భాగం కాస్త మందగించినా కింది భాగం అందుకుంటుంది. మొత్తం లెక్కలో ఏమీ తెలీదు.

సీతాఫలం_22
@బోనులో_బాబు ఓ! 2000 పేపరు శీర్షికలోనే "కొవ్వు శోషణకి అత్యవసరం కాదు" అని ఉంది. అత్యవసరం కాదంటే పనికిరాదని కాదు అన్నమాట.

బోనులో_బాబు
అదే. లిఫ్టు పాడైతే ఐదో అంతస్తుకి వెళ్ళలేమా? వెళ్తాం. మోకాళ్ళని అడగాలి.

డాక్టర్_పొట్టకూటి
సీడీ36 దీనికి మంచి ఉదాహరణ. కణం బయటి పొర మీద ఉండి కొవ్వు ఆమ్లాల్ని గుర్తుపట్టే ప్రోటీన్. 1993లో నాడా అబుమ్రాద్ వాళ్ళు బయటపెట్టారు. అది లేని ఎలుకల్లో మొత్తం శోషణ పెద్దగా తగ్గదు. కానీ పేగు పై భాగంలో కొవ్వు ఆమ్లం తీసుకోవడం మందగిస్తుంది, కైలోమైక్రాన్లు తయారై బయటికి పోవడం తగ్గుతుంది, 2005, 2006 పేపర్లు చూడండి. పని కింది పేగు మీద పడుతుంది. పెంట మాత్రమే కొలిచినవాడికి ఎలుక ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఉప్పుచేప
నిన్న రాత్రి అన్నం తింటూ ఈ థ్రెడ్ తెరిచాను. పెంట అన్న మాట లెక్కపెట్టడం మొదలెట్టి ఆపేశాను.

న్యూజెర్సీ_నాగు
సీడీ36తో పాటు ఎఫ్ఏటీపీ4 కూడా పెట్టు సీతా, పాఠంలా ఉంటుంది. 1999లో పేగులో కొవ్వు ఆమ్లాన్ని లోపలికి తెచ్చే ముఖ్యమైన ప్రోటీన్ ఇదే అని ఊదరగొట్టారు. అది పూర్తిగా లేని ఎలుక పిల్లలు పుట్టగానే చచ్చిపోయాయి. ఆకలితో కాదు, చర్మం బిగుసుకుపోయి. చర్మం ముడతల్లేకుండా బిర్రుగా ఉంటుంది కాబట్టి వాటికి "ముడతల్లేని ఎలుకలు" అనే పేరొచ్చింది. తర్వాత చర్మంలో మాత్రం ఆ జీన్ ఉంచి పేగులో లేకుండా చేసి చూస్తే, 2009లో, కొవ్వు మామూలుగానే చేరింది. అసలది ద్వారం కాదు, లోపలికొచ్చిన కొవ్వు ఆమ్లానికి కోఎంజైమ్-ఏ అనే అణువుని తగిలించే ఎంజైమ్. తగిలించగానే అది వెనక్కి పోలేదు, చూసేవాడికి లాగుతున్నట్టు ఉంటుంది.

గుంటూరు_గడుసుపిల్ల
అంటే ఏ ప్రోటీన్ తీసేసినా ఎలుకకి ఏమీ కాదు, పేపరు మాత్రం వస్తుంది. భలే ఉద్యోగం.

రిటైర్డ్_మాస్టారు
@గుంటూరు_గడుసుపిల్ల ఏమీ కాకపోవడం కాదు తల్లీ. కొవ్వు లోపలికి రావడం ప్రాణానికి సంబంధించిన పని. దానికి ఒక్క దారే పెట్టుకున్న జంతువు ఇన్నాళ్ళు బతికేది కాదు. అందుకే తలుపు తీశాక లోపల ఏ గదిలోకి పోయిందో చూడాలి. 2013 పేపర్లో అసలు విషయం అక్కడుంది, బరువు బొమ్మ చూసి అందరూ అది వదిలేస్తారు.

పేగు రకం లేని ఎలుకల్లో కొవ్వు ఆమ్లం ఫాస్ఫోలిపిడ్‌తో (కణం పొరలు కట్టే కొవ్వు) పోలిస్తే ట్రైగ్లిజరైడ్‌లోకి తక్కువగా పోయింది. లివర్ రకం లేని వాటిల్లో మోనోగ్లిజరైడ్ ట్రైగ్లిజరైడ్‌లోకి పోవడం తగ్గింది, దానికి తోడు పేగు కణం కొవ్వుని కాల్చుకోవడం కూడా తగ్గింది. చూశావా, ఇద్దరూ వచ్చిన సరుకుని వేర్వేరు కౌంటర్లకి పంపుతున్నారు. గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు.

కరీంనగర్_కాకా
అరె, గిదే ముందుగాల చెప్పుంటే అయిపోవు కదా మాస్టారూ. మార్కెట్ యార్డుల ధాన్యం వచ్చుడు కాదు ముచ్చట, ఏ షెడ్డుల దించిన్రన్నదే ముచ్చట.

సీతాఫలం_22
సరే మాస్టారూ, ఆ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు ఉంటాను. కానీ బరువు సంగతి అడగకుండా ఉండరు. 2006కీ 2013కీ ఆ వైరం ఏంటి?

బోనులో_బాబు
మేత. సెయింట్ లూయీ వాళ్ళే 2008లో ఇంకో పేపరు వేశారు. లివర్ రకం లేని ఎలుకలకి సంతృప్త కొవ్వు పెడితే ఊబకాయం రాలేదు, పాలీఅన్‌శాచురేటెడ్ నూనె పెడితే ఆ రక్షణ లేదు, కొలెస్టరాల్ కలిపితే కథ ఇంకోలా మారింది. "హై ఫ్యాట్" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ఏ కొవ్వు, ఎంత, కొలెస్టరాల్ ఉందా అన్నది డబ్బా మీద చూడాలి.

న్యూజెర్సీ_నాగు
అంత తేలిగ్గా తేలదు బాబూ. 2013లో వాళ్ళు సంతృప్త కొవ్వుదీ అసంతృప్త కొవ్వుదీ రెండు మేతలూ పెట్టారు. లివర్ రకం లేనివి రెండింటి మీదా లావెక్కాయి. నీ లెక్క ప్రకారం సంతృప్త కొవ్వు మీదైనా ఆగాలి కదా?

బోనులో_బాబు
...ఒప్పుకుంటున్నాను. మేతొక్కటే కాదు. అయితే అవి ఒకే కాలనీ ఎలుకలు కావు నాగన్నా. సెయింట్ లూయీ వాళ్ళు తమది తాము చేసుకున్నారు, టెక్సాస్ వాళ్ళు 2003లోనే వేరే తయారుచేశారు. ఆ టెక్సాస్ ఎలుకలు కూడా లావెక్కే జాతే. ఎలుక జాతి సీ57 బ్లాక్ 6 అని అందరూ ఒకటే పేరు రాస్తారు కానీ అందులో జే వేరు, ఎన్ వేరు. జేలో మైటోకాండ్రియాకి చెందిన ఎన్ఎన్‌టీ జీన్ విరిగిపోయి ఉంటుంది, గ్లూకోజ్ అదుపు కాస్త దెబ్బతింటుంది. లావు గురించి మాట్లాడేటప్పుడు అది చిన్న విషయమా?

ఆడా మగా తేడా ఉండనే ఉంది. సీతా, నీ 2000 పేపరే మళ్ళీ చదువు. మగవి బరువెక్కాయి అని రాశావు. ఆడవి? వాటికి బరువు పెరగడం తగ్గింది. అదే జీన్, అదే గది, అదే మేత.

సీతాఫలం_22
చదివాను. నిజమే. సిగ్గేసింది, ఆ వాక్యం మీద హైలైటర్ కూడా వేశాను, బుర్రలోకి పోలేదు.

గుంటూరు_గడుసుపిల్ల
ఆడవాళ్ళ డేటా ఎవరూ పట్టించుకోరని మా పిన్ని అంటుంటే నమ్మలేదు.

డాక్టర్_పొట్టకూటి
ఇంకోటి. ఎఫ్ఏబీపీ1 లివర్లో కూడా ఉంది అని ప్రశ్నలో నువ్వే రాశావు. ఒళ్ళంతా ఆ జీన్ తీసేసినప్పుడు లావు పేగు వల్ల వచ్చిందో లివర్ వల్ల వచ్చిందో ఆ ఎలుక చెప్పలేదు. పేగు రకానికి ఆ బాధ లేదు, దాని ఇల్లు పేగే. సెమినార్లో ఎవరైనా తెలివైనవాడు ఇదే అడుగుతాడు, ముందే నువ్వే చెప్పెయ్.

ఉప్పుచేప
అసలు ఎలుకల మీద ఇంత రాద్ధాంతం ఎందుకు? మనిషి పేగు వేరు, ఎలుక పేగు వేరు. ఎలుకకి పిత్తాశయమే లేదు కదా!

బోనులో_బాబు
చిట్టెలుకకి ఉంది బ్రో. పిత్తాశయం లేనిది పెద్ద ఎలుకకి, అదే ర్యాట్‌కి. తెలుగులో రెంటినీ ఎలుక అనేసి ఇలా దొరికిపోతాం. అయితే చిట్టెలుక పైత్యంలో మనిషికి లేని మ్యూరికోలిక్ ఆమ్లాలు చాలా ఉంటాయి, అవి కొలెస్టరాల్‌ని కరిగించడంలో సోమరులు. ఆ తేడా నువ్వు చెప్పి ఉంటే దండం పెట్టేవాణ్ణి.

ఉప్పుచేప
పిత్తాశయం వెనక్కి తీసుకుంటున్నాను.

రిటైర్డ్_మాస్టారు
ర్యాట్ అన్నారు కాబట్టి ఒక మాట. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ళ ర్యాట్ కాలనీలో 1990ల్లో తమంతట తామే లావుపాటి పిల్లలు పుట్టాయి. ఎవరూ జీన్ తియ్యలేదు. వాటినుంచే డబ్ల్యూఎన్ఐఎన్-ఓబీ అని ఒక వంశం నిలబెట్టారు. నేను ఒకసారి చూశాను. పంజరంలో దిండు పెట్టినట్టు కదలకుండా కూర్చుంటాయి. విషయానికి సంబంధం లేదు, గుర్తొచ్చి చెప్పాను.

నెయ్యిముద్ద
కొబ్బరినూనెకి ఈ ప్రోటీన్లతో పనే లేదు, నేరుగా లివర్‌కి పోయి కాలిపోతుంది, లావెక్కరు అని మా జిమ్ కోచ్ అంటాడు. నిజమేనా? మా ఆవిడ కేరళ అమ్మాయి, నాకు సమాధానం అత్యవసరం.

డాక్టర్_పొట్టకూటి
సగం నిజం, సగం వ్యాపారం. 8, 10 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా పోర్టల్ సిర పట్టుకుని లివర్‌కి పోతాయి, కైలోమైక్రాన్ ఎక్కవు. శోషరస నాళం దెబ్బతిన్న రోగులకి ఎంసీటీ నూనె (ఇలాంటి పొట్టి కొవ్వు ఆమ్లాల నూనె) ఇచ్చేది అందుకే. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, 12 కార్బన్లు. అది గోడ మీద పిల్లి, కొంత అటూ కొంత ఇటూ. 8, 10 వి కలిపినా కొబ్బరినూనెలో ఆరో వంతు కూడా ఉండవు. ఎటు పోయినా గ్రాముకి తొమ్మిది కేలరీల లెక్క పెద్దగా మారదు. అత్తగారింట్లో మాత్రం ఈ పోస్ట్ చూపించకు.

నెయ్యిముద్ద
చూపించాను. రెండు రోజులుగా సాంబారు పలచగా వస్తోంది.

గుంటూరు_గడుసుపిల్ల
నాదీ ఒక కేసు. ఉమ్మి డబ్బాలో పంపితే జీన్ రిపోర్ట్ ఇస్తారని ఒక ఆన్‌లైన్ కంపెనీకి డబ్బులు తగలేశాను. అందులో "ఎఫ్ఏబీపీ2 రిస్క్ వేరియంట్ ఉంది, కొవ్వు మానండి" అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. ఆర్నెల్లు పెరుగు మీద మీగడ కూడా తీసేసి తిన్నాను. ఇప్పుడు మీరంతా ఆ పేరే అంటుంటే గుండె దడదడలాడుతోంది.

న్యూజెర్సీ_నాగు
54వ స్థానంలో అలనిన్‌కి బదులు త్రియోనిన్ ఉండి ఉంటుంది. 1995లో అరిజోనాలోని పీమా జనం మీద చేసిన పనిలో బయటపడింది. త్రియోనిన్ రకం పొడవాటి కొవ్వు ఆమ్లాన్ని దాదాపు రెట్టింపు గట్టిగా పట్టుకుంటుంది, అది ఉన్నవాళ్ళలో ఇన్సులిన్‌కి స్పందన కొంచెం తక్కువ అని చూపించారు. ఆ తర్వాత వేరే జనాల్లో చూస్తే కొన్నిచోట్ల అవునని, కొన్నిచోట్ల కాదని వచ్చింది. ఇది అరుదైన మార్పేమీ కాదు, నాకూ ఉండొచ్చు. మొత్తం జీన్ లేకపోయినా ఎలుక హాయిగా తిరిగిందే, నీకు ఒక్క అమైనో ఆమ్లం మారితే మీగడ మానెయ్యాలా చెల్లీ?

గుంటూరు_గడుసుపిల్ల
ఆర్నెల్ల మీగడ ఎవరిస్తారు అన్నయ్యా?

కరీంనగర్_కాకా
మా ఇంటికి రా బిడ్డా, బర్రె పాలున్నయ్.

డాక్టర్_పొట్టకూటి
ఆస్పత్రిలో ఎఫ్ఏబీపీ2కి ఇంకో ముఖం ఉంది. బుల్లి ప్రోటీన్ కాబట్టి పేగు కణం చితికితే వెంటనే రక్తంలోకి కారుతుంది, మూత్రంలోనూ కనిపిస్తుంది. పేగుకి రక్తం అందక నల్లబడే కేసుల్లో, నెలలు నిండని పిల్లల పేగు కుళ్ళే జబ్బులో దీన్ని ముందస్తు గుర్తుగా వాడొచ్చేమోనని చాలా పరిశోధన జరిగింది. రోజువారీ పరీక్షగా ఇంకా నిలబడలేదు. నైట్ డ్యూటీలో పొట్ట పట్టుకుని వచ్చే ముసలాయన్ని చూసినప్పుడల్లా అలాంటి పరీక్షొకటి చేతిలో ఉంటే బాగుండు అనిపిస్తుంది. సీటీ గదికి తీసుకెళ్ళేలోపే చేజారినవాళ్ళున్నారు.

సీతాఫలం_22
ఒక ప్రశ్న మిగిలింది. పేగు రకం లేని ఎలుక ఎందుకు సన్నగా ఉంది? కొవ్వు చేరుతోంది అంటున్నారు, మరి బరువెక్కదేం?

బోనులో_బాబు
2020లో అదే రట్గర్స్ ల్యాబ్ ఆ ప్రశ్నే వేసుకుంది. ఆ ఎలుకల పేగు కోసి చూస్తే చూషకాలు (పేగు లోపలి వేళ్ళలాంటి మొలకలు) పొట్టిగా ఉన్నాయి. జిగురు స్రవించే గోబ్లెట్ కణాలు, సూక్ష్మజీవుల్ని అదుపులో ఉంచే పేనెత్ కణాలు తక్కువ. మేత పేగు గుండా త్వరత్వరగా దాటిపోతోంది. అంటే ఆ ప్రోటీన్ సరుకు సర్దడమే కాదు, పేగు ఆకారం నిలబెట్టడంలో కూడా దాని చెయ్యి ఉన్నట్టుంది. కొవ్వు మేత బాగా దట్టించినప్పుడే ఈ తేడా బరువులో కనిపిస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
లివర్ రకం లేనివి లావెక్కడానికి మాత్రం ఒక కారణం 2013 పేపర్లోనే ఉంది. అవి ఎక్కువ తిన్నాయి. పేగు పొరలో ఎండోకన్నాబినాయిడ్లు పెరిగాయి, గంజాయి తట్టే తలుపునే తట్టే పదార్థాలు అవి. ఆకలి దానివల్లే పెరిగిందేమో అని రచయితలు జాగ్రత్తగా అన్నారు. నువ్వూ "ఏమో" వదలకు.

న్యూజెర్సీ_నాగు
లివర్ రకానికి ఇంకో పని కూడా చెప్పు. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి గాల్జీకి (కణంలో సరుకు ప్యాక్ చేసే చోటు) కైలోమైక్రాన్ సరుకు ఒక బుడగలో పోతుంది. ఆ బుడగ మొగ్గ తొడగడానికి మొదటి తోపు ఇచ్చేది లివర్ రకమే అని 2007లో మెంఫిస్‌లో మాన్స్‌బాక్ బృందం చూపించింది. కొవ్వు ఆమ్లాలతో సంబంధం లేని పని. పేరులో "కొవ్వు ఆమ్లం పట్టుకునే" అని ఉంది కదా అని అది ఆ ఒక్క పనే చెయ్యాలని లేదు.

ఉప్పుచేప
అంటే గోడౌనే లారీ కూడా తోస్తుందన్నమాట. నాగన్న ఉపమానం పంక్చర్.

న్యూజెర్సీ_నాగు
గోడౌన్ వాచ్‌మన్ తోస్తాడు. సర్దుకో.

సీతాఫలం_22
అయిపోయింది! నలభై నిమిషాలు అనుకుంటే గంటా పది. బరువు బొమ్మ చివరికి తోసేసి ముందు ట్రైగ్లిజరైడ్, ఫాస్ఫోలిపిడ్ బొమ్మ పెట్టాను. ఆడ ఎలుకల వాక్యం పెద్ద అక్షరాల్లో వేశాను. డాక్టరు గారు చెప్పినట్టే ఒక సీనియర్ లివర్ ప్రశ్న వేశాడు, అప్పటికే నేను చెప్పేశానని ఎవరో గుర్తు చేశారు, కూర్చున్నాడు.

దొరికిపోయింది ఒక్కచోట. గది ఉష్ణోగ్రత ఎంత అని అడిగారు. మెథడ్స్‌లో చూడలేదు.

బోనులో_బాబు
అయ్యో, అది నేనే చెప్పాల్సింది. మామూలుగా 22 డిగ్రీలు. మనకి హాయి, చిట్టెలుకకి చలి. దానికి 30 దగ్గర ఉంటేనే నెమ్మది. 22లో ఉంటే తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్ళు వెచ్చబెట్టుకోడానికే తగలేస్తుంది. ఊబకాయం పేపరు ఏదైనా ముందు ఆ అంకె చూడాలి. ఇంకోసారి గుర్తుంచుకో.

ఉప్పుచేప
నా ఆటో మీటర్ డైలాగ్ వాడావా?

సీతాఫలం_22
వాడాను. అందరూ నవ్వారు, మేడమ్ తప్ప.